అఖిల కాళ్ళ మీద నీలి గీత

2018 మార్చి నెల. ఒంటిపూట బడులు మొదలై వారం కూడా కాలేదు. నల్లగొండలో ఒక దవాఖానలో నేను ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్నాను. మా గది ఎక్స్‌రే గదిని ఆనుకొని ఉండేది. కట్టు విప్పాక చేయి మడవలేనివాళ్ళు, పక్షవాతం వచ్చినవాళ్ళు, షుగరు వల్ల పాదాలు మొద్దుబారినవాళ్ళు రోజంతా వస్తూ ఉండేవారు. ఆ చివరి రకం పనిలో నాకు కొంత అనుభవం ఉంది. తాకితే తెలుస్తోందా, వేడి, చల్లదనం తేడా తెలుస్తోందా, గుచ్చితే నొప్పి తెలుస్తోందా అని చూసి, ఎంత తగ్గిందో కొలిచి కాగితం మీద పెట్టడాన్ని సెన్సరీ టెస్టింగ్ అంటారు. పెద్దవాళ్ళకు చేయడం తేలిక. పిల్లలకు చేయాలంటే ఓపిక కావాలి. వాళ్ళు మన మొహం చూసి, మనకు ఏ జవాబు నచ్చుతుందో కనిపెట్టి, అదే చెప్తారు.

ఆ రోజు పదకొండు గంటలప్పుడు ముగ్గురు వచ్చారు. ముందు, చేతిలో ఫైలుతో, దేవరకొండ వైపు ఉన్న ఒక ఆడపిల్లల హాస్టలు బడి వార్డెన్. ఆ బడి పేరు నేను రాయను. వెనక పద్మ అనే తల్లి, పత్తి ఏరడానికీ కలుపు తీయడానికీ కూలికి పోయే మనిషి. ఆమె వీపు మీద కూతురు అఖిల. పన్నెండేళ్ళు, ఏడో తరగతి. అంత పిల్లను తల్లి వీపున మోసుకు రావడం చూసి కుర్చీలోంచి లేచాను. పిల్ల రెండు పాదాలకూ కట్లున్నాయి.

డాక్టరు రాసిన చీటీ చూశాను. చివర "ఫంక్షనల్" అని రాసి పక్కన ప్రశ్న గుర్తు పెట్టారు. పరీక్షలో జబ్బేమీ దొరకలేదు, మనసులోంచి వస్తున్న బాధ కావచ్చు అని దానర్థం. ఆ మాటను చాలామంది "నాటకం" అనే చదువుకుంటారు. వార్డెన్ కూడా అట్లాగే చదువుకుంది.

"రెండు నెలల సంది గిదే లొల్లి మేడం," అంది ఆమె కూర్చుంటూనే. "కాళ్ళు మండుతున్నయంటది. క్లాసులకెల్లి లేసి నల్ల కాడికి పోతది, కాళ్ళు నీళ్ళల్ల పెట్టుకొని కూసుంటది. దుప్పటి తగిలినా మంట అంటది. ఇంటికి పోవాలె, గంతే. నాటకాలు చేస్తాంది."

"పాదాలకు ఏమైంది?" అని అడిగాను.

"పరీక్ష చేసినం."

ఆమె ఏమాత్రం తడబడకుండా చెప్పింది. ప్రార్థన చేసే చోట సిమెంటు గచ్చు ఉంది. మధ్యాహ్నం బెల్లు కొట్టాక అఖిల చెప్పులిప్పించి అక్కడ నిలబెట్టింది. "మంటలు నిజమైతె గా గచ్చు మీద ఒక్క నిమిషం నిలబడుతదా మేడం? మొత్తుకుంటది, ఉరుకుతది. గీమె కదలకుంట నిలబడ్డది. కండ్లల్ల నీళ్ళు గూడ రాలే. అంటె మంటలు అబద్ధం అన్నట్టే గద."

"ఎంతసేపు నిలబెట్టారు?"

"పిల్లలందరు అన్నం తినెదాక. అందరు చూడాలె గద మరి. ఒక్కదాన్ని చూసి ఇంకొకలు మొదలువెడ్తరు."

సాయంత్రానికి రెండు అరికాళ్ళూ బొబ్బలెక్కాయి. బడి దగ్గరి నర్సు మందు రాసి కట్టు కట్టింది. మర్నాడు తల్లిని పిలిపించారు. కాలిన కాళ్ళతో నాలుగు రోజులు అక్కడే ఉంచుకొని, ఇప్పుడు "నరాలు బాగున్నాయి" అని ఒక కాగితం రాయించుకోవడానికి తీసుకొచ్చారు.

పద్మ తల వంచుకొని కూతురి కట్టు సవరిస్తోంది. అఖిల గోడ మీది క్యాలెండరు చూస్తోంది. తన గురించి కాదన్నట్టు, ఆ ఆరోపణకు అలవాటు పడిపోయినట్టు కూర్చుంది. పన్నెండేళ్ళ పిల్ల మొహంలో ఆ అలవాటు చూడడం బొబ్బలు చూడడం కంటే కష్టంగా ఉంది.

అడగవలసిన ప్రశ్నలు అడిగాను. జ్వరం వచ్చిందా, దెబ్బ తగిలిందా, ఇంట్లో ఎవరికైనా ఇట్లా ఉందా, ఏమైనా మందులు వాడుతున్నారా. అన్నిటికీ పద్మ "లేదు మేడం" అంది. మందుల మాట అడిగినప్పుడు ఒక్క క్షణం వార్డెన్ వైపు చూసి అంది. ఆ చూపు నాకు కనిపించింది. దాని అర్థం మాత్రం అప్పుడు పట్టించుకోలేదు.

"మీరు బయట కూర్చోండి మేడం," అన్నాను వార్డెన్‌తో.

"నేనుండాలె. బాధ్యత నాది."

"పక్కన ఇంకొకరు ఉంటే పిల్లల జవాబులు మారిపోతాయి. పరీక్ష పాడవుతుంది."

ఇది అబద్ధం కాదు. కానీ ఆమెను పంపడానికి నాకున్న అసలు కారణం అదొక్కటే కాదు. ఇంకో నిమిషం ఆమె ఎదురుగా ఉంటే నా నోరు నా అదుపులో ఉండేది కాదు.

తలుపు వేశాక అఖిల పక్కన స్టూలు లాక్కొని కూర్చున్నాను. నా దగ్గర పెద్ద యంత్రాలేమీ లేవు. హైదరాబాదులో శిక్షణకు పోయినప్పుడు ఒక యంత్రం చూశాను. చిన్న లోహపు పలకను చర్మానికి ఆనించి కొంచెం కొంచెంగా వేడెక్కిస్తారు, వేడి తెలియగానే పిల్లలు బటన్ నొక్కుతారు. మా దగ్గర ఉన్నవి ఒక మోనోఫిలమెంట్ల పెట్టె, ఒక ట్యూనింగ్ ఫోర్క్, రెండు గాజు గొట్టాలు, ఒక థర్మామీటరు. మోనోఫిలమెంట్ అంటే పుల్లకు బిగించిన నైలాను పోగు. సన్నదానికీ లావుదానికీ వంగే బరువు వేరు. ఏ పోగు తాకినప్పుడు తెలిసిందో చూసి స్పర్శ ఎంత ఉందో చెప్పొచ్చు. ట్యూనింగ్ ఫోర్క్ కొట్టి ఎముక మీద పెడితే అదురు తెలియాలి. గాజు గొట్టాల్లో ఒకదాంట్లో చల్లటి నీళ్ళు, ఒకదాంట్లో గోరువెచ్చని కంటే కాస్త ఎక్కువ వేడి నీళ్ళు. చర్మం కాలకుండా ఉండాలని ఆ నీళ్ళను ప్రతిసారీ థర్మామీటరుతో చూసుకుంటాం, ముందు మన ముంజేతికి ఆనించుకుంటాం. పిల్లల వేడి పరీక్ష చేసేవాళ్ళకు మొదటి రోజే నేర్పే జాగ్రత్త ఇది.

"బిడ్డా, ఇది బడి పరీక్ష కాదు. తప్పు జవాబు ఉండదు," అన్నాను. "తెలిస్తే తెలిసింది అను. తెల్వకుంటే తెల్వలేదు అను. రెండిటికీ నేను మంచిదే అంట."

"తెల్వకుంటె కొట్టరా?" అంది. ఆమె ఆ గదిలో మాట్లాడిన మొదటి మాట అది.

"ఇక్కడ ఎవరూ ఎవరినీ కొట్టరు."

ముందు కళ్ళు తెరిచి ఉండగానే చేతి మీద అన్నీ చూపించాను. ఇది పోగు, ఇది చల్లనిది, ఇది వేడిది. మొద్దు పుల్ల కొనతో గుచ్చి, ఇది గుచ్చడం, ఇది ఒట్టి తాకడం అని తేడా చెప్పాను. తరవాత కళ్ళకు చున్నీ కట్టాం. అరికాళ్ళకు పుండ్లున్నాయి కాబట్టి వాటిని ముట్టుకోలేదు. పాదాల పైభాగం, పిక్కలు, మోకాళ్ళు, చేతులు చూశాను.

ఈ పరీక్షలో ఒక పద్ధతి ఉంది. మధ్యమధ్య ఏమీ తాకించకుండానే "ఇప్పుడు?" అని అడగాలి. అబద్ధం చెప్పాలనుకునే పిల్లలు, లేదా మనల్ని సంతోషపెట్టాలనుకునే పిల్లలు, అక్కడ దొరికిపోతారు. నేను అట్లా ఎనిమిదిసార్లు ఉత్తుత్తిగా అడిగాను. ఎనిమిదిసార్లూ అఖిల "ఏం లేదు మేడం" అంది.

పాదం మీద చల్లటి గొట్టం పెట్టాను.

"ముట్టుకున్నరు."

"ఎట్లుంది?"

"ఎట్ల లేదు. ముట్టుకున్నరు, గంతే."

వేడి గొట్టానికీ అదే జవాబు. కొంచెం పైకి జరిపాను. అదే. పిక్క మధ్యకు రాగానే, "గిప్పుడు జర సల్లగ తెలుస్తాంది" అంది. మోకాలి దగ్గర ఆనించేసరికి కాలు వెనక్కి లాక్కొని నవ్వింది. "సల్లగుంది మేడం."

తెలిసిన చోట చర్మం మీద నీలిరంగు పెన్నుతో చుక్కలు పెట్టుకుంటూ పోయి, చుక్కలను కలిపాను. పిక్క మధ్యలో కాలు చుట్టూ ఒక గీత వచ్చింది. ఇంకో కాలికి కూడా అంతే ఎత్తులో వచ్చింది. కాసేపు ఆగి, నీళ్ళు తాగించి, ఈసారి పైనుంచి కిందికి వచ్చాను. చల్లదనం మాయమైన చోటు మళ్ళీ ఆ గీత దగ్గరే. కళ్ళకు గంత కట్టుకున్న పన్నెండేళ్ళ పిల్ల, ఎక్కడ గీత గీశానో చూడని పిల్ల, రెండు కాళ్ళకూ రెండుసార్లు ఒకే ఎత్తులో అబద్ధం చెప్పలేదు. ఎవరూ చెప్పలేరు. ట్యూనింగ్ ఫోర్క్ అదురు బొటనవేలి ఎముక దగ్గర తెలియలేదు, మోకాలి దగ్గర తెలిసింది. సన్నపోగు పాదం మీద తెలియలేదు. చేతుల్లో అన్నీ తెలిశాయి.

దూది తీసుకొని పాదం మీద మెల్లగా రాశాను. అఖిల పళ్ళు బిగించింది.

"మంటనా?"

"ఊఁ."

కాలిలో పొడవైన నరాల కొనలు దెబ్బతింటే ఇట్లాగే జరుగుతుంది. బయట ఉన్న వేడిని ఆ నరం మోసుకుపోదు. మోయకపోగా లేని మంటను తనంతట తాను పుట్టించి పంపుతుంది. దుప్పటి తాకితే మంట. మండే గచ్చు మీద నిలబడితే ఏమీ తెలియదు. ఏ గుర్తు చూసి "ఈ పిల్లకు జబ్బుంది" అని గుర్తుపట్టాలో, సరిగ్గా ఆ గుర్తునే ఆ వార్డెన్ అబద్ధానికి రుజువుగా పట్టుకుంది. పిల్ల కాళ్ళు కాలుతుంటే ఎదురుగా నిలబడి, కాలుతున్నట్టు పిల్లకు తెలియకపోవడం చూసి, గెలిచాననుకుంది.

కళ్ళగంత విప్పి, "నీ కాళ్ళలో నరాలు దెబ్బతిన్నయి బిడ్డా. నువ్వు చెప్పిందంతా నిజమే," అన్నాను.

పద్మ కింద కూర్చొని కూతురి మోకాళ్ళు పట్టుకొని ఏడ్చింది. అఖిల ఏడవలేదు. కాళ్ళ మీది గీతలు చూసుకుంటూ అంది:

"నేను అబద్ధం చెప్తలేనా మేడం?"

"లేదు. ఎందుకట్ల అడుగుతున్నవ్?"

"గచ్చు మీద నాకు కాలలే. అందరు కాలుతదన్నరు. నాకు కాలలే. గందుకె నేనే అబద్ధం చెప్తున్ననేమో అనుకున్న."

నా ఉద్యోగంలో చాలా బాధలు చూశాను. కానీ తనకు కలుగుతున్న నొప్పి మీద తనకే నమ్మకం పోయేటట్టు ఒక పిల్లను చేయొచ్చని ఆ రోజే తెలిసింది. అందుకు రెండు నెలలు చాలాయి.

ఇప్పుడు కారణం కావాలి. జడ పక్కకు జరిగినప్పుడు అఖిల దవడ కింద ఒక ముడుచుకున్న మచ్చ కనిపించింది. కొత్తది, ఇంకా ఎర్రగానే ఉంది. "ఇదేమిటి?" అన్నాను. తల్లీకూతుళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పద్మ లేచి తలుపు సరిగ్గా పడిందో లేదో చూసి వచ్చింది.

"మెడకు గడ్డ లేసి పలిగింది మేడం. దసర అయినంక. సూది పెట్టి చూసి టీబీ అన్నరు. ఆర్నెల్లు గోలీలు మింగాలన్నరు. బడిల చెప్పలే. మా ఊరి పిల్లకు గిట్లనే వస్తె అంటుతదని ఇంటికి తోలిన్రు, మల్ల రానియ్యలే. మెడ గడ్డ ఒకలకెల్లి ఒకలకు అంటుకోదని దవాఖాన సార్లు చెప్పిన్రు గని, వీళ్ళు వింటరా?"

"గోలీలు ఎక్కడ పెట్టుకుంటున్నవ్?" అని అఖిలను అడిగాను.

"కంపాసు డబ్బల."

ఒక్క రోజు కూడా మానలేదు ఆ పిల్ల. అందరూ నిద్ర లేవకముందే బాత్‌రూములోకి పోయి మింగేది. టీబీ మందుల్లో ఐసోనియజిడ్ అని ఒకటి ఉంటుంది. అది ప్రాణాలు కాపాడే మందే. కానీ ఒంట్లో బీ6 విటమిన్ తక్కువగా ఉన్నవాళ్ళకు, బక్కపలచని పిల్లలకు, ఒక్కోసారి కాలి నరాలను దెబ్బతీస్తుంది. అందుకే తోడుగా పైరిడాక్సిన్ అనే చిన్న విటమిన్ గోలీ ఇస్తారు. ఆ మాట అడిగాను.

"ఇంకొక చిన్న గోలి గూడ రాసిన్రు. గప్పుడు లేవు, వచ్చినంక ఇస్తమన్నరు. బలానికి అన్నరు. మల్ల ఎవరు అడగలే, మేము గూడ అడగలే," అంది పద్మ. ఆ గోలీ ఎందుకో, మింగకపోతే ఏమవుతుందో ఆమెకు ఎవరూ చెప్పలేదు.

"అయితె గా మందులు బంద్ చెయ్యాల్నా?" అని ఆమే అడిగింది.

"వద్దు. డాక్టరు చెప్పకుండా ఒక్కటి కూడా ఆపొద్దు," అని గట్టిగా చెప్పి, చార్టు పట్టుకొని డాక్టరు గదికి పోయాను.

చీటీ రాసిన డాక్టరు వయసులో చిన్నవాడు. బయట వరండా నిండా జనం ఉన్నారు. చార్టు చూసి, "ఇదంతా పిల్ల చెప్పినదాన్ని బట్టి గీసిందే కదా మేడం," అన్నాడు.

"అవును సార్. నొప్పి ఎక్కడుందో చెప్పగలిగింది ఆ పిల్ల ఒక్కతే. ఉత్తుత్తిగా ఎనిమిదిసార్లు అడిగాను. అవీ రాశాను, చూడండి. మీరు ఈ పిల్ల చీలమండ దగ్గర రిఫ్లెక్స్ చూశారా?"

చూడలేదు. ఆ మాట ఆయన ఒప్పుకున్నాడు. లేచి వచ్చి రబ్బరు సుత్తితో తట్టి చూశాడు. నరం బాగుంటే కదలాల్సిన పాదం కదలలేదు. ఇంకోసారి తట్టాడు. చార్టు మళ్ళీ మొదటినుంచి చదివాడు. చీటీ మీద "ఫంక్షనల్" అన్న మాట కొట్టేసి, టీబీ విభాగం డాక్టరుతో ఫోనులో మాట్లాడి, విటమిన్ రాశాడు. రక్తపరీక్షలు రాశాడు. పద్మతో, "నేను సరిగ్గా చూడలేదమ్మా," అన్నాడు. ఆ మాట అన్నందుకు ఆయన మీద నాకు గౌరవం మిగిలింది.

నా తప్పు కూడా ఇక్కడే రాయాలి. మందుల గురించి వార్డెన్ ఎదురుగా అడిగింది నేను. భయపడే మనిషిని, భయపెట్టే మనిషి ముందు కూర్చోబెట్టి ప్రశ్న వేస్తే ఏ జవాబు వస్తుందో అన్నేళ్ళ అనుభవం ఉన్న నాకు తెలిసి ఉండాలి. ఆ మచ్చ కనిపించకపోతే మళ్ళీ అడిగేదాన్నో లేదో చెప్పలేను.

సాయంత్రం, అఖిలను వార్డులో చేర్చుకొని వార్డెన్‌ను పంపించేశాక, రిపోర్టు రాశాను. అరికాళ్ళ పుండ్ల దగ్గర "వేడి సిమెంటు గచ్చు మీద చెప్పుల్లేకుండా నిలబెట్టడం వల్ల కాలిన గాయాలు" అని రాశాను. మా పై అధికారి చదివి, "బొబ్బలు అని రాయండి చాలు. ఎట్లొచ్చాయో మనకెందుకు? రేపు మనల్ని ఆఫీసుల చుట్టూ తిప్పుతారు," అన్నాడు. నేను మార్చలేదు. జిల్లా అధికారులకు ఫిర్యాదు కూడా రాస్తానని పద్మతో చెప్పాను. ఆమె నా చేయి పట్టుకుంది.

"సీటు పోతది మేడం. మల్ల దీన్ని ఎక్కడ సదివియ్యాలె? అయిందేందో అయింది."

అఖిల మంచం మీదినుంచి, "రాయుండ్రి మేడం," అంది. "నా పేరు గూడ రాయుండ్రి."

మూడు వారాలకు పుండ్లు మానాయి. టీబీ మందుల గడువు పూర్తయింది, గడ్డ మళ్ళీ రాలేదు. మంట నెమ్మదిగా తగ్గింది. జూన్ చివర్లో మళ్ళీ పరీక్ష చేసినప్పుడు గీత చీలమండ కిందికి దిగింది. ఆ పైయేడు చలికాలానికి వేళ్ళ కొనల దగ్గర తప్ప అంతా తెలుస్తోంది. ఆ వేళ్ళ కొనలకు ఇప్పటికీ పూర్తిగా తెలియదు. సీటు పోలేదు. అదే బడిలో పదో తరగతి దాకా చదివింది.

విచారణకు ఒక అధికారి మా గదికే వచ్చాడు. మర్యాదస్తుడు. చార్టు అర్థమయ్యేదాకా చెప్పించుకున్నాడు. అంతా విన్నాక అన్నాడు, "పిల్లకు జబ్బున్నదని ఆ వార్డెన్‌కు తెల్వదు గద మేడం. తెలిస్తె నిలబెట్టకపోతుండె."

"జబ్బు లేని పిల్లనైతే నిలబెట్టొచ్చా సార్?" అన్నాను.

ఆయన రాసుకోవడం ఆపాడు. కాగితాలు సర్దుకొని లేచాడు. రెండు నెలల తరవాత తెలిసింది, వార్డెన్‌ను ఇంకో బడికి బదిలీ చేశారని. మందలింపు కాగితం కూడా ఇచ్చారట. అందరూ న్యాయం జరిగిందన్నారు. ఆ ఇంకో బడిలో ఉన్నది కూడా పిల్లలే. అక్కడా గచ్చు ఉంటుంది, మధ్యాహ్నం ఎండ ఉంటుంది. ఇన్నేళ్ళయినా ఆ బదిలీ తలుచుకుంటే నాకు కోపం తగ్గదు. తగ్గాలని కూడా అనుకోను.

నర్సింగు, ఫిజియోథెరపీ చదివే పిల్లలు మా దగ్గరికి శిక్షణకు వస్తారు. నైలాను పోగులు ఎట్లా పట్టుకోవాలో, నీళ్ళు ఎంత వేడి ఉండాలో చెప్పే ముందు వాళ్ళకు అఖిల కథ చెప్తాను. పిల్లలు అబద్ధాలు చెప్పరా మేడం అని ఎవరో ఒకరు అడుగుతారు. చెప్తారు. కడుపునొప్పి అని బడి ఎగ్గొట్టిన పిల్లల్లో నేనూ ఒకదాన్ని. అది తెలుసుకోవడానికి పద్ధతులున్నాయి, వాటిలో ఏదీ పిల్లను బాధపెట్టదు. ఒక పిల్ల కాళ్ళు మండుతున్నాయి అన్నప్పుడు ఇంట్లోగానీ బడిలోగానీ దవాఖానలోగానీ ముందు చెప్పులిచ్చి నీడకు తీసుకుపోండి. కొలతలు తరవాత నేను తీసుకుంటాను.